సమస్య: శిక్ష కోరి వచ్చె శిష్యుఁ డొకఁడు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, పై వాక్యమే చివరి పాదంగా పద్యం పూరించాలి. తప్పు చేసినవాడు కూడా శిక్ష అడిగి మరీ తీసుకోడు, మరి శిష్యుడెందుకు వచ్చినట్టు? తెలుగు అర్థంతో సరిపెట్టొద్దు. సంస్కృతంలో, పొరుగు భాషల్లో వెతకండి.

మద్దిలపాలెం మాస్టారు:
వర్ణ మెట్లు పలుక వలయునో తెలియక
స్వరము తప్పి మాట చప్పఁబడఁగ
వేదమునకు ముక్కు వేదాంగ మగునట్టి
శిక్ష కోరి వచ్చె శిష్యుఁ డొకఁడు

ఇక్కడ శిక్ష అంటే వేదం పలికే తీరు నేర్పే శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ‘వర్ణః స్వరః’ అని ఉంటుంది, ఆ వరసలోనే నడిపాను.

నిర్వాహకుడు: ‘శిక్షా ఘ్రాణం తు వేదస్య’ (వేదానికి ముక్కు శిక్ష) అన్నదాన్ని ఒక్క ‘ముక్కు’తో పట్టేశారు, భేష్ మాస్టారూ. కానీ వేదం ఒకే పాదంలో రెండుసార్లు వచ్చింది. ‘వేదమునకు ముక్కు, విద్యలం దాద్యమౌ’ అంటే ఆ పునరుక్తి పోతుంది. ఆరు వేదాంగాల్లో మొదట చెప్పేది ఇదే కనుక అర్థానికీ లోటు లేదు.

ఉక్కునగరం కుర్రాడు:
ఒడియ సీమ నుండి యుత్సాహమున నేఁడు
కడలి చెంతఁ జదువు నేర్చుకొనఁగ
నాంధ్ర విద్య లొసఁగు నాలయద్వారాన
శిక్ష కోరి వచ్చె శిష్యుఁ డొకఁడు

మా రూమ్మేట్‌ది బరంపురం. ఒడియాలో శిక్ష అంటే చదువేనట.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది. ‘క’కు ‘నే’ పొసగదు. ‘సాగరంబు చెంతఁ జదువుకొనఁగ’ అని చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) పేరు ఆటవెలదిలో ఇమడ్చడం కష్టమే, మీ ఉపాయం బాగుంది. ‘ఒడియ’ అనే మాట పద్యంలోనే ఉంది కాబట్టి బతికిపోయారు. అది లేకుంటే పరభాష అర్థం ఎక్కడిదని నిలదీసేవాణ్ణి.

ఎంవీపీ కాలనీ పిన్ని: హిందీ, బెంగాలీ వాళ్లకూ చదువేగా! మరాఠీ, కన్నడం, మలయాళం మాత్రం మనవైపే, అక్కడా దండనే. మనం పాత అర్థాన్ని ‘శిక్షణ’లో దాచుకున్నాం.

సర్వశిక్ష పేరు చదివిన తాతయ్య
యెల్లరకును దండ మేలొ యనఁగ
పంతులయ్య నవ్వి “పాఠమే హిందీలొ
శిక్ష!” కోరి వచ్చె శిష్యుఁ డొకఁడు

బడిచదువుల పథకం సర్వశిక్షా అభియాన్ 2018లో సమగ్ర శిక్ష అయింది. “అప్పుడు అందరికీ శిక్ష, ఇప్పుడు పూర్తి శిక్షా?” అన్నారు మా మామయ్యగారు.

నిర్వాహకుడు: విరుపు గడుసుగా ఉంది పిన్నిగారూ. ‘హిందీలొ’ హ్రస్వం మాత్రం చెవికి గుచ్చుకుంటోంది, ‘హిందీన’ అనండి. పైగా ‘కోరి వచ్చె’ గాల్లో వేలాడుతోంది. ఏం కోరి వచ్చాడు?

భీమిలి బాబాయి:
తొట్లకొండ మీఁదఁ దొలిసంజ వెలుఁగులో
శీల మనఁగ మఱియుఁ జిత్త మనఁగ
ప్రజ్ఞ యనఁగ మూఁడు భాగమ్ము లౌ బౌద్ధ
శిక్ష కోరి వచ్చె శిష్యుఁ డొకఁడు

తొట్లకొండ మన భీమిలి దారిలోని పాత బౌద్ధక్షేత్రం. బౌద్ధుల పాళీ భాషలో ‘సిక్ఖా’ అంటే సాధన. పంచశీలలో ప్రతి వాక్యం చివరా ‘సిక్ఖాపదం సమాదియామి’ (ఈ నియమాన్ని స్వీకరిస్తున్నాను) అనే ఉంటుంది. ఎవరూ వేసే శిక్ష కాదు, తనంతట తాను స్వీకరించేది.

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. మిగతావాళ్లు ‘శిక్ష’ ఒక్కదాన్నే సర్దారు, మీరు ‘కోరి’కి కూడా న్యాయం చేశారు. కాకపోతే ‘మఱియుఁ’ గణం కోసం తెచ్చిపెట్టినట్టుంది.

భీమిలి బాబాయి: తెచ్చిపెట్టిందే! మూడు లఘువుల మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి, మార్చేస్తాను.