సొంత ఫ్రేమ్‌వర్క్‌లోకే వెబ్ సర్వీస్ సపోర్ట్ తేవాలంటే ఎట్ల?

కాకతీయ_కోడ్ (హనుమకొండ)

అన్నలకు నమస్తే. మార్కెట్ యార్డులకు, జిన్నింగ్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసే టీం మాది. స్క్రీన్లు, వ్యాలిడేషన్, డేటాబేస్ మ్యాపింగ్ అన్నీ జావాలో మేం రాసుకున్న ఫ్రేమ్‌వర్క్ మీదనే నడుస్తయి. ఎనుమాముల లాంటి యార్డుల కాంటా అయినంక తక్‌పట్టీ (తూకం, ధర రాసి రైతుకిచ్చే చీటీ) టాబ్లెట్ నుంచి సర్వర్‌కు రావాలె, అక్కడికెళ్లి మిల్లు బిల్లింగ్‌కు రెస్ట్‌లో (మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్టులతోని) పోవాలె. ఒక పాత అకౌంట్స్ ప్యాకేజీకి మాత్రం సోప్ (ఎక్స్ఎంఎల్ మెసేజ్‌లతోని నడిచే పాత పద్ధతి) తప్ప ఇంకోటి రాదు. ఇప్పుడు ఒక్కో మాడ్యూల్‌ల ఒక్కో తీరుగ హెచ్‌టీటీపీ కోడ్ ఉన్నది. ఎంటిటీ క్లాస్ (డేటాబేస్ టేబుల్‌కు జోడైన క్లాస్) మీద ఒక అనొటేషన్ (కోడ్‌ల @తోని పెట్టే గుర్తు) పెడితే సర్వీస్ తయారయ్యేటట్టు ఫ్రేమ్‌వర్క్‌లోనే పెడదామనుకుంటున్నం. దారి సరైందేనా? జావా 8 నుంచి 17కు గూడ మారుతున్నం.

పత్తిగింజ

తమ్మీ, అనొటేషన్ మంచిదే గని ఎంటిటీ మీద వద్దు. "తక్‌పట్టీ నమోదు", "పట్టీ రద్దు" లాంటి పని ఒక్కోటి ఒక మెథడ్‌గ రాసి, దాని మీద పెట్టున్రి. ఎంటిటీనే బయటపెడితే రేపు టేబుల్‌ల ఒక కాలమ్ పేరు మార్చంగనే మిల్లోళ్ల బిల్లింగ్ ఆగిపోతది. అంతకన్నా ప్రమాదం ఇంకోటున్నది: పంపేటోడు జేసన్‌ల (డేటా పంపే టెక్స్ట్ రూపం) "ఆమోదం: అవును" అని ఒక ఫీల్డ్ చేర్చి పంపితే, జేసన్‌ను క్లాస్‌లకు నింపే మ్యాపర్ దాన్ని గూడ ఎంటిటీలకు ఎక్కిస్తది. అందుకే లోపలికొచ్చే డేటాకు వేరే చిన్న క్లాస్ ఉండాలె, అందుల రాయని ఫీల్డ్ లోపలికి రావొద్దు.

ముందుగాల మీ పర్మిషన్లు ఎక్కడున్నయో చూడున్రి. స్క్రీన్ మీద బటన్ దాచుడే పర్మిషన్ అయితే, సర్వీస్ తెరిచిన రోజు తాళం లేనట్టే. ఆ చెక్, వ్యాలిడేషన్ రెండూ స్క్రీన్ కిందికి, ఆ మెథడ్ లోపలికి దించాలె. సగం శ్రమ ఇక్కడనే ఉంటది, తొందరపడొద్దు.

యూజర్‌ను సెషన్ నుంచి కాకుండ టోకెన్ నుంచి తీస్తరు గదా. థ్రెడ్‌లోకల్‌ల (ఒక్కో థ్రెడ్‌కు విడిగ ఉండే అర) పెడితే ఫైనల్లీ బ్లాక్‌ల తప్పకుండ తీసెయ్యాలె. టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) అదే థ్రెడ్‌ను తర్వాతి రిక్వెస్ట్‌కు వాడుతది. తీయకపోతే ఒకరి హక్కులు ఇంకొకరికి పోతయి. టెస్టింగ్‌ల ఒక్కరే లాగిన్ ఉంటరు కాబట్టి ఇది దొరకదు.

వడ్డేపల్లి_సర్వర్

సోప్ గురించి. జేఏఎక్స్-డబ్ల్యూఎస్ (జావాలో సోప్ లైబ్రరీ), జేఏఎక్స్‌బీ (ఎక్స్ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చేది) రెండూ జావా 11లో జేడీకే (జావా కిట్) నుంచి తీసేశారు, సర్వీస్ వివరణ నుంచి క్లాసులు తయారుచేసే డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ టూల్ కూడా పోయింది. డిపెండెన్సీలుగా విడిగా చేర్చి, క్లాసులను బిల్డ్‌లో మేవెన్ ప్లగిన్‌తో తయారు చేసుకోండి. వీటి 2.3 వెర్షన్ వరకు ప్యాకేజీ పేర్లు జావాఎక్స్, 3.0 నుంచి జకార్తా. ఈ రెండూ ఒకే ప్రాజెక్టులో కలిస్తే బైండింగ్ దగ్గర వింత ఎర్రర్లు వస్తాయి, ఏదో ఒకటే ఉంచండి.

ఆ పాత ప్యాకేజీది సోప్ 1.1 అయితే కంటెంట్ టైప్ టెక్స్ట్/ఎక్స్ఎంఎల్, సోప్‌యాక్షన్ హెడర్ తప్పనిసరి. 1.2లో టైప్ అప్లికేషన్/సోప్+ఎక్స్ఎంఎల్, యాక్షన్ అందులోనే పారామీటర్‌గా వెళ్తుంది. ఇక్కడ అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది. 1.1లో ఫాల్ట్ (సోప్ ఎర్రర్ జవాబు) ఏదైనా హెచ్‌టీటీపీ 500 (సర్వర్ ఎర్రర్) కోడ్‌తోనే వస్తుంది. 500 వస్తే మళ్లీ పంపమని ఫ్రేమ్‌వర్క్‌లో రాస్తే, "ఖాతా నంబర్ తప్పు" అన్న జవాబుకు కూడా పంపుతూనే ఉంటుంది. ఫాల్ట్‌కోడ్ చదవండి: క్లయింట్ అంటే ఆపేయాలి, సర్వర్ అంటే కాసేపాగి పంపొచ్చు.

టైమౌట్లు మీరే పెట్టాలి. జావాలోని హెచ్‌టీటీపీయూఆర్‌ఎల్‌కనెక్షన్ క్లాస్‌లో డిఫాల్ట్ సున్నా, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. డేటాబేస్ ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి బయటి సర్వీస్‌ను పిలవకండి. పూల్‌లో 20 డేటాబేస్ కనెక్షన్లుండి, అవతలివాళ్లు 30 సెకన్లు తీసుకుంటే, నిమిషానికి 40 పనులు మించవు. పంపాల్సినదాన్ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక అవుట్‌బాక్స్ టేబుల్‌లో రాసి, కమిట్ అయ్యాక వేరే థ్రెడ్‌తో పంపండి.

కాకతీయ_కోడ్ (హనుమకొండ)

మస్తు సమాచారం, థాంక్స్ అన్నా. యార్డుల సిగ్నల్ పోయి వస్తుంటది. టాబ్లెట్ పంపినంక జవాబు రాకపోతే మళ్లీ పంపుతది, ఒక్క బస్తాకు రెండు పట్టీలు కాకుండ ఎట్ల?

పత్తిగింజ

ఇది మాడ్యూల్‌కు వదిలెయ్యొద్దు, ఫ్రేమ్‌వర్కే చెయ్యాలె. రైతు పైసలతోని పని. పట్టీ తయారైనప్పుడే టాబ్లెట్‌ల ఒక యూయూఐడీ (ఇంకోదానికి రాని ఐడీ, ఇదే కీ) పుట్టాలె, పంపేముందే లోకల్ డేటాబేస్‌ల రాసుకోవాలె. యాప్ మూసి తెరిచినా అదే కీ పోవాలె. పంపేటప్పుడు కొత్తది తయారు చేస్తే ఫాయిదా లేదు.

సర్వర్‌ల ఒక టేబుల్: కీ, రిక్వెస్ట్ హ్యాష్ (రిక్వెస్ట్ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు), ఇచ్చిన జవాబు. కీ మీద యూనిక్ ఇండెక్స్. పట్టీ ఎక్కే ట్రాన్సాక్షన్‌లనే ముందు ఈ వరుస ఎక్కాలె. అదే కీ రెండోసారి వస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల ఆ ఇన్సర్ట్ మొదటిది కమిట్ అయ్యేదాక ఆగి, డూప్లికేట్ ఎర్రర్ ఇస్తది; అప్పుడు రోల్‌బ్యాక్ చేసి, దాచిన జవాబునే తిరిగి పంపున్రి. కీ ఒకటే ఉండి హ్యాష్ వేరైతే హెచ్‌టీటీపీ 422 ఎర్రర్ ఇయ్యాలె.

బరువును డబుల్‌ల (దశాంశాలను ఉజ్జాయింపుగ దాచే రకం) పెట్టొద్దు, గ్రాముల్లో పూర్ణాంకం చాలు. పట్టీ నంబర్‌ల యార్డు కోడ్, తేదీ, వరుస అన్నీ కలిసి 18 అంకెలైతే స్ట్రింగ్‌గనే పంపాలె. జావాస్క్రిప్ట్‌ల 9007199254740991 దాటితే చివరి అంకెలు మారుతయి.

పరీక్షకు టాబ్లెట్‌కు, సర్వర్‌కు మధ్యల ఒక ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాం) పెట్టి, సర్వర్ కమిట్ చేసినంక జవాబును టాబ్లెట్‌కు చేరకుండ కోసెయ్యున్రి. నెట్ మొత్తం ఆపి చూస్తే ఈ తప్పు బయటపడదు, రిక్వెస్టే సర్వర్ దాక పోదు గదా.