చావు మాట రాగానే క్లయింట్ పక్కకు తప్పుకుంటున్నారు, ఏం చేయాలి?

నేను కౌన్సిలర్‌ని. క్లయింట్‌కు 61 ఏళ్లు, నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్. వారానికి 50 నిమిషాల చొప్పున ఐదు సెషన్లయ్యాయి. "ఇన్నాళ్లు బతికి ఏం సాధించినట్టు?" అని ఆయనే మొదలుపెడతారు. చావు దగ్గరికి రాగానే రిపోర్టుల గురించి మాట్లాడతారు.

జీవితానికి అర్థం వెతుక్కోవడానికి మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ చెప్పిన మూడు దారులూ (చేసిన పని, పొందిన ప్రేమ, తప్పని బాధను ఎదుర్కొనే తీరు) ఒక్కొక్కటిగా అడిగి చూశాను. "అవన్నీ అయిపోయాయి కదమ్మా" అన్నారు. మన ప్రభావం మన తర్వాతా అలల్లా సాగుతుందనే మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ ఆలోచన చెప్తే, ఓదారుస్తున్నాననుకున్నారు. తొందరపడ్డానేమో. నాలుగో సెషన్‌లో మౌనంగా కూర్చుంటే, పది నిమిషాలకే ఇంటికెళ్తానన్నారు. ఆయన్ని ఇంకా టెన్షన్ పెట్టడం నాకిష్టం లేదు.

అస్తిత్వవాద థెరపీ (చావు, జీవితానికి అర్థం లాంటి ప్రశ్నలతో పనిచేసే థెరపీ) చేసేవాళ్లు చెప్పండి: ఆయన మాట మార్చిన ఆ క్షణంలోనే నేను దాన్ని నేరుగా ఎత్తిచూపాలా, ఆయనే చావు గురించి మాట్లాడేదాకా ఆగాలా?