‘తీర్మానమే’లో ఆ ఏకారం

(చెన్నైలోని నలుగురు తెలుగువాళ్ల సంభాషణ; పేర్లకు బదులు వారి పేటల పేర్లు)

వేలచ్చేరి: ఆదివారం ప్రసంగంలో విన్న వాక్యం ఒకటి వదలడం లేదు. ‘నరుని హృదయములో ఆలోచనలు అనేకములుగా పుట్టును, యెహోవాయొక్క...’ తర్వాత ‘తీర్మానము స్థిరము’ అనా, ‘తీర్మానమే స్థిరము’ అనా? మా అమ్మేమో ‘వాని నడతను స్థిరపరచును’ అంటోంది.

పెరంబూరు: బైబిల్లో సామెతల గ్రంథం 19:21. ‘తీర్మానమే’. అమ్మగారు చెప్పేది అదే గ్రంథంలో 16:9, అది వేరే వాక్యం. ఆ ఏకారం తీసేస్తే బలమంతా పోతుందండీ. పుట్టేవి అనేకం, నిలిచేది అదొక్కటే.

అంబత్తూరు: ఏకారం అందం కోసం వేసింది కాదు. మూలమైన హీబ్రూలో ‘అత్సత్ యెహోవా హీ తాకూమ్’. ఆ ‘హీ’యే మన ‘ఏ’. తమిళ బైబిల్లోనూ ‘యోసనైయే నిలైనిఱ్కుం’. మా గుడిలో తమిళ ఆరాధన ముగిశాక తెలుగు ఆరాధన, రెండూ చెవిన పడుతూనే ఉంటాయి.

పెరంబూరు: ఏకారం సరే. నాకు మింగుడుపడనిది ‘తీర్మానం’. కీర్తన 33:11లో అదే హీబ్రూ మాట ‘అత్సత్’కి ‘యెహోవా ఆలోచన సదాకాలము నిలుచును’ అన్నారు. తమిళంవాళ్లు యోచన అనే ఉంచారు. మనకే ఎందుకు మారింది?

టి.నగర్: నరుడి పక్కన ‘ఆలోచనలు’ అప్పటికే వాడేశారు కదా. దేవుడికీ అదే మాట పెడితే తేడా ఎలా తెలుస్తుంది? మనిషిది ఆలోచన దగ్గరే ఆగుతుంది, ఆయనది తీర్మానం అవుతుంది. నా మటుకు ఇంతకన్నా మంచి మాట లేదు.

పెరంబూరు: అయితే ఆదికాండము 50:20 చూడండి. తనను గోతిలో తోసి అమ్మేసిన అన్నలతో యోసేపు అంటాడు: ‘మీరు నాకు కీడుచేయ నుద్దేశించితిరి గాని... అది మేలుకే దేవుడు ఉద్దేశించెను’. ఇద్దరికీ ఒకే క్రియ, హీబ్రూలోనూ అంతే. అదే పని, అదే ఉద్దేశించడం, ఫలం మాత్రం దేవుడి చేతిలో. మాట మారకపోవడమే అక్కడ గుండెకి తగులుతుంది. ‘మేలుకే’లో ఏకారం కూడా గమనించండి.

టి.నగర్: ఒక్క అక్షరం ఇంత మోయడం చూస్తుంటే పోతన గుర్తొస్తున్నాడు. ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడివాడు రామభద్రుండఁట’. కలం తనది, సంకల్పం రాముడిది. ఆ ‘అఁట’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

అంబత్తూరు: కానీ ‘అఁట’ విన్నమాట చెప్పినట్టుంటుంది. సామెతల్లోని ‘ఏ’లో ఉన్న నిబ్బరం అందులో లేదు.

టి.నగర్: ఒప్పుకోను. అది వినయం, సందేహం కాదు. ఆ పద్యమే ‘పలికెద, వేరొండు గాథ పలుకఁగ నేల’ అని ముగుస్తుంది. సందేహం ఉన్నవాడు అలా అంటాడా?