కాలిబంగన్‌లో ఆ ఏడు గుంటలు: హోమగుండాలా, పొయ్యిలా?

(కుండపెంకు, కొలిమి, నల్లరేగడి: ఇక్కడ వాదించుకుంటున్న ముగ్గురి పేర్లు.)

కుండపెంకు: రాజస్థాన్‌లో ఘగ్గర్ నది ఒడ్డున ఉన్న హరప్పా (సింధు) నాగరికత నాటి పట్టణం కాలిబంగన్‌ను 1960 నుంచి 1969 దాకా పురావస్తు శాస్త్రవేత్తలు బి.బి. లాల్, బి.కె. థాపర్ తవ్వించారు. కోట దిబ్బ దక్షిణ భాగంలో, పచ్చి ఇటుకల తిన్నె మీద, ఏడు గుంటలు వరసగా బయటపడ్డాయి. వాటిలో బూడిద, బొగ్గు, నడిమధ్యన నిలబెట్టిన మట్టి దిమ్మె, కాల్చిన మట్టి బిళ్లలు. పక్కనే బావి, స్నానానికి ఇటుకలు పరిచిన చోటు. వంటకైతే కోటలో ఇంత ఎత్తు తిన్నె కట్టి, ఏడు పొయ్యిలు వరసలో పెట్టే పనేముంది? ఇవి అగ్నివేదికలే.

కొలిమి: తిన్నె సరే. కానీ మీరు గుంటలో దొరికినవాటిని సాక్ష్యం చేస్తున్నారు. ఆ త్రికోణపు మట్టి బిళ్లలు హరప్పా ఊళ్లలో నేలల్లో, కాలవల్లో, బట్టీల్లో కూడా దొరుకుతాయి. నిప్పు ఆరినా వేడి పట్టి ఉంచుతాయి, పొయ్యికి అంతకంటే ఏం కావాలి? దిగువ పట్టణంలో ఇళ్ల గదుల్లోనూ ఇలాంటి గుంటలున్నాయి. వాటిని కూడా హోమగుండాలనేస్తే ఇంక వంట ఎక్కడ చేసుకున్నట్టు?

నల్లరేగడి: తేల్చాల్సింది బూడిద. గుంటలో మట్టి అంతా విడిగా తీసి, నీళ్లలో కలిపి, తేలిన బొగ్గునీ గింజల్నీ అర మిల్లీమీటరుకు మించని జల్లెడతో పట్టాలి. నీడనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే మాడిన గింజలు పగిలి ఏ ధాన్యమో పోల్చుకోలేం. గుంట బయటి నేల మట్టినీ అదే పద్ధతిలో చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఎలకలు తవ్విన కన్నాల గుండా పైపొర గింజలు లోపలికి జారతాయి, బయటి నమూనా లేకపోతే ఏది గుంటదో ఏది కాదో చెప్పలేం. 1960ల్లో మన తవ్వకాల్లో ఈ అలవాటు లేదు.

ఇక దిమ్మె. ఒక్క దిమ్మె మీద కుండ నిలవదు, మూడు పొయ్యిరాళ్లు కావాలి అని కొందరంటారు. అడుగు గుండ్రంగా ఉన్న కుండైతే దిమ్మె మీద ఆని, గుంట అంచును పట్టుకుని నిలుస్తుంది. అంచుకు మసి, దిమ్మె తలమీద అరుగుదల ఉంటే వంట. దిమ్మె నున్నగా ఉండి మొదలు మాత్రం మాడితే నా ఓటు కుండపెంకు గారికే.

కుండపెంకు: ఇళ్ల గుంటల మాట ఒప్పుకుంటాను, అన్నిటికీ ఒకే పేరు పెట్టడం తొందరపాటే. కోటలోనే ఇటుకలు పేర్చిన ఇంకో గుంటలో పశువుల ఎముకలు, జింక కొమ్ములు దొరికాయి. దాన్నేమంటారు?

కొలిమి: బలి కావచ్చు, కాదనను. నాకు చిరాకల్లా అక్కడి నుంచి 'కాబట్టి వైదికం' అని దూకడం మీదే. శ్రౌతంలో, అంటే వైదిక యజ్ఞ పద్ధతిలో, అగ్నులు మూడు, మూడు గుండాలకూ ఆకారాలు వేరు: గార్హపత్యం గుండ్రం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధచంద్రం. ఇక్కడ ఒకే తీరు గుంటలు ఏడు. పైగా హోమగుండం నడుమ దిమ్మె ఎక్కడ చూశాం? బలి పశువును కట్టే యూపస్తంభం అందామా అంటే, దాన్ని పాతేది వేదికి తూర్పున, నిప్పులో కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల శాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడని శాసనమే చెబుతోంది. హరప్పా లిపిని ఇంకా చదవలేదు కదండీ, ఇక్కడ ఆ మాట ఎవరు చెప్పాలి?

నల్లరేగడి: అదీ నిజమే. మొహెంజొదారోలో ఇలాంటి వరస లేదు, గుజరాత్‌లోని లోథల్‌లో మాత్రం అక్కడ తవ్వించిన ఎస్.ఆర్. రావు అగ్నివేదికలున్నాయన్నారు. 'సింధు మతం' అని ఒక్క పేరు పెట్టే ముందు ఆ తేడా చూడాలి. ఆ ఏడు గుంటల వరకు పూజ అంటాను, ఎవరి పూజో చెప్పను.