ఛాడఖాయికి చికెన్ ముందు రాత్రి నానబెట్టాలా? మీ అనుభవాలు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కార్తీక పున్నమి దగ్గరకొచ్చేసింది. మర్నాడు ఛాడఖాయి, అంటే నెలంతా మానేసిన నీచు మళ్ళీ తినే రోజు. బయటి ఊళ్ళవాళ్ళకి చెప్తున్నా, ఇక్కడ ఒడియావాళ్ళతో పాటు మాలాంటి తెలుగిళ్ళలోనూ ఈ నెల నీచు ముట్టరు. నెలంతా పట్టలేనివాళ్ళు కూడా ఆఖరి ఐదు రోజులు, పంచుక అంటారు, అవి మాత్రం పట్టి తీరతారు. ఇక పున్నమి మర్నాడు తెల్లారకుండానే కోడి కొట్ల ముందు లైన్లు.

కిందటేడు నా తెలివి చూపించాను. మూడు కిలోల బాయిలర్ కోడి ముందు రోజే తెప్పించి, పున్నమి పూట మా వంటింట్లో ముట్టుకోకూడదు కాబట్టి మేడ మీద మా మరిది వాటాలో కలిపించాను (వాడికి ఈ పట్టింపుల్లేవు). పుల్ల పెరుగు, నాలుగు నిమ్మకాయలు, గరిటెడు పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, కారం. రాత్రి తొమ్మిదికి కలిపితే మర్నాడు ఒంటిగంటకి వేయించాం. ముక్క పైన పిండిపిండిగా ఉప్మాలాగ, లోపల చప్పగా గడ్డిలాగ. మా అత్తయ్య ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "పన్లేని వాళ్ళు కోడిని కూడా పిసుకుతారు" అంది. ఏడాదయినా ఆ మాట వదల్లేదు.

ఎక్కడ తప్పు జరిగింది? రాత్రంతా నానితేనే మసాలా లోపలికి వెళ్తుందని అందరూ చెప్తారు కదా.

బరంపురం అప్పడం

అక్కా, పెరుగు, నిమ్మ, బొప్పాయి మూడూ ఒకేసారా! కోడి చేసిన పాపమేటి?

గుణుపురం మాస్టారు

అమ్మా, నవ్వుకున్నాను గానీ నేనూ ఒకప్పుడు అదే చేశాను. పిల్లలకి సైన్సు చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

మనం కలిపే వాటిలో నిజంగా ముక్క లోపలికి పోయేది ఉప్పు ఒక్కటే అనుకోండి. కారం, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ఎన్ని గంటలు ఉంచినా పైపొరలోనే ఆగిపోతాయి. ఉప్పు అలా కాదు. ముందు నీరు బయటికి లాగుతుంది, అరగంట పోయాక ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. మాంసంలోని ప్రోటీన్లు కొంచెం విచ్చుకుని నీటిని పట్టుకుంటాయి, అందుకే వేయించినా ముక్క ఎండదు. కిలోకి పది నుంచి పన్నెండు గ్రాములు. మెత్తటి ఉప్పయితే రెండు చెంచాలు తలకొట్టి వేస్తే సరి. మా వైపు నౌపడ గళ్ళుప్పు వాడేవాళ్ళు చెంచాతో కొలిస్తే తక్కువ పడుతుంది, దాన్ని తూచుకోవాలి.

పులుపు సంగతి వేరు. నిమ్మరసం మాంసాన్ని మంట లేకుండానే వండినట్టు చేస్తుంది. చేతిలో ముక్క తెల్లబడటం చూసే ఉంటారు. గంట దాటిందంటే పైపొర బిగిసి, తర్వాత సుద్దలాగ రాలుతుంది. పెరుగులోది లాక్టిక్ ఆమ్లం, దాని దూకుడు తక్కువ, నాలుగైదు గంటలు ఓర్చుకుంటుంది. మీ ఇంట్లో ఆ పెరుగే పుల్లబడి ఉంది, దానికి తోడు నాలుగు నిమ్మకాయలు.

అసలు దొంగ బొప్పాయి. అందులో పపైన్ అనే ఎంజైము ఉంది, మాంసాన్ని కోసుకుంటూ పోతుంది. చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా పనిచేసి, పొయ్యెక్కి యాభై, అరవై డిగ్రీలు తగిలాక విజృంభిస్తుంది. ఇంకా వేడెక్కాక గానీ చావదు. అందుకే ఫ్రిజ్‌లో బాగానే కనిపించిన ముక్క మూకుడులో పిండయింది.

మహేంద్రతనయ

మాస్టారూ, అంటే తప్పు నాది కాదు, బొప్పాయిది. అత్తయ్యకి చదివి వినిపిస్తాను.

జయపురం బండి

నాది జయపురంలో చిల్లీ చికెన్ బండి. మాస్టారు చెప్పింది నిజమే, మేం బాయిలర్‌కి బొప్పాయి ముట్టం. నలభై రోజుల కోడది, అదే మెత్తన. దాన్ని ఇంకేటి మెత్త సేస్తారు?

బండి దగ్గర మా పని ఇదీ. బోన్‌లెస్ సన్నగా కోసి, అరకిలోకి పావు చెంచా వంటసోడా రాసి పావుగంట. అంతే, గడియారం సూసి. తర్వాత రెండు నీళ్ళు కడిగి గట్టిగా పిండేయాలి, లేపోతే సబ్బు వాసనొస్తాది. అప్పుడు ఉప్పు, మిరియాలు, సోయా సాస్, గుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్. ముక్క జారుడుగా, లోపల రసంగా వస్తాది. సోడా వేసిన దాంట్లో నిమ్మకాయ పిండకండి, ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, రెండూ దండగ. నిమ్మకాయ ప్లేట్లో వేసినాక పిండుతాం.

ఇంకోటి. పచ్చి ఉల్లిపాయ మిక్సీ పట్టి కోడికి రాస్తారు కొందరు. ఒకటే చేదు. ఉల్లి వేయించి రుబ్బుకోవాలి.

ధర్మాబాద్ మిర్చి

నాందేడ్ జిల్లా నుంచి రాస్తున్న. మా ఊరి పేరు చెప్తెనే మిర్చి మార్కెట్ యాదికొస్తది, గందుకే ఈ పేరు వెట్టుకున్న.

రంగు కోసం పొడి రంగులు కలుపుతరు చూడుండ్రి, అది అక్కర్లేదు. ఘాటు తక్కువుండి రంగున్న మిర్చి, బ్యాడిగి అసొంటిది, గింజలు దీసి గోరువెచ్చని నీళ్ళల్ల అరగంట నానవెట్టి రుబ్బాలె. ఆ ముద్దను రెండు చెంచల నూనెల ఒక్క నిమిషం వేడి చేసి, సల్లార్చి పెరుగుల కలుపాలె. మిర్చి రంగు నూనెల దిగుతది, నీళ్ళల్ల దిగదు. ఉత్త పెరుగుల కారంపొడి కలిపితె గులాబి రంగొస్తది గని ఎరుపు రాదు.

పెరుగు గుడ్డల కట్టి రెండు గంటలు వేలాడదీయాలె. నీళ్ళు పోకుంటె మసాల ముక్కకు అంటదు, పెనం మీద నీళ్ళూరి ఏగుడు వోయి ఉడుకుడైతది. చానమంది ఈడనే ఆగమైతరు.

మహేంద్రతనయ

అన్నా, పెరుగు వడగట్టాలని నాకెవరూ చెప్పలేదు! నిజమే, కిందటేడు పెనం నిండా నీళ్ళే.

బరంపురం అప్పడం

ఆవ గురించి ఎవరూ మాట్లాడరేం? మా బరంపురంలో ఒడియావాళ్ళ బెసర, అంటే ఆవముద్ద పెట్టిన కూర, ఎక్కువగా చేపకే. మా అమ్మ దాన్ని కోడికి తిప్పింది. మనవాళ్ళకి ఆవపెట్టిన పనసపొట్టు కొత్తా ఏమన్నా? అదే చెయ్యి.

రెండు చెంచాల ఆవాలు గంట నానబెట్టి, నాలుగు పచ్చిమిరపకాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి రుబ్బాలి. మిక్సీని ఆపకుండా తిప్పితే చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పాలి. ఉప్పు పట్టించిన కోడికి ఈ ముద్ద, పసుపు, రెండు చెంచాల ఆవనూనె. పసుపు కంధమాల్‌ది దొరికితే అదే, 2019లో జీఐ గుర్తింపు వచ్చిందని కాదు, వాసన బాగుంటుంది. గంట చాలు. సన్న సెగ మీద మూతపెట్టి మగ్గించడమే, వేయించకూడదు, ఆవ మాడితే విషంలా ఉంటుంది.

మా ఆయనది తూర్పుగోదావరి. మొదటిసారి తిని ముక్కు పట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. ఇప్పుడు ఆదివారం ఇది లేకపోతే అలుగుతారు.

కొత్త కోడలు 22

అల్లం వెల్లుల్లి ముద్దలో నిమ్మరసం పోస్తే వెల్లుల్లి ఆకుపచ్చగా మారిపోయింది అక్కా. పారబోసేశాను. విషమా?

గుణుపురం మాస్టారు

అయ్యో, పారబోయక్కర్లేదమ్మా. వెల్లుల్లిలోని గంధకం ఉన్న పదార్థాలు పులుపుతో కలిస్తే నీలం, ఆకుపచ్చ రంగులొస్తాయి. రుచికీ ఒంటికీ ఏమీ కాదు.

సిరొంచ పటేల్

మీరందరు బాయిలర్ ముచ్చటనే జెప్తున్నరు. మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మా దగ్గర పండుగంటె గావ్‌రాన్ కోంబ్డీ, అంటె మన నాటుకోడి. ఏడాదిన్నర తిరిగిన పుంజు. దానికి మీ పెరుగు, నిమ్మకాయ అన్ని ఉత్త ముచ్చట్లు. రాత్రంత నానవెట్టినా కాలి కండ కదలదు. కట్టెల పొయ్యి మీద గంటన్నర ఉడకాలె, గంతే.

మేం చేసేదేందంటె పుంజును పసుపు రాసి మంట మీద కాల్సి, ముక్కలు కొట్టి, ఉప్పు, పసుపు, అల్లంఎల్లిగడ్డ పట్టిచ్చి అర్దగంట పెడుతం. ఎండుకొబ్బరి, ధనియాలు, రాతిపువ్వు నల్లగ ఏంచి నూరిన మసాల మాత్రం ఉడికేటప్పుడు ఏస్తం. నాగ్‌పూర్ సావ్‌జీ వంట తీరు. నానవెట్టుట్ల రుచి లేదు సార్, ఏంచుట్ల ఉన్నది.

గుణుపురం మాస్టారు

పటేల్ గారూ, కూర విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ముదురు కోడి కండల మధ్య ఉండే గట్టి పదార్థం కరగాలంటే తడిసెగ, సమయం రెండూ కావాలి, పులుపుతో అయ్యేది కాదు. కానీ బొప్పాయికి పని దొరికేది అక్కడే. ముదురు పుంజుని నిప్పుల మీద కాల్చాలంటే కిలోకి ఒక చెంచా పచ్చి బొప్పాయి, తొక్కతో రుబ్బింది, గంటసేపు పెట్టి చూడండి. ఆ ఎంజైము ఉండే పాలు తొక్క దగ్గరే ఎక్కువ. మగ్గిన పండు పనికిరాదు.

సిరొంచ పటేల్

మా పెరట్ల చెట్టున్నది, చూస్త. గని మా అవ్వ ఒప్పుకోదు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఇక్కడ కొండవాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది చెప్తాను. కోడి, అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు, పసుపు, కొంచెం పులిసిన వెదురు కొమ్ముల ముద్ద. ఇక్కడ కరడి అంటారు. నూనె చుక్క ఉండదు. అడ్డాకుల్లో నాలుగు మడతలు చుట్టి, నారతో కట్టి, నిప్పుల్లో పూడ్చేస్తారు. పైఆకు బొగ్గయ్యేసరికి లోపలిది తయారు. పచ్చి వెదురు గొట్టంలో కూరితే బొంగులో చికెన్, అది అందరికీ తెలుసు. పులుపు కరడిదే. ఎంత వాసనొస్తుందో అంత రుచి. అద్దె ఇంట్లో మాత్రం చెయ్యకండి, నేను చేస్తే పైవాటా వాళ్ళు రెండ్రోజులు మాట్లాడలేదు.

అసలు నేను రాద్దామనుకున్నది వేరు. రెండేళ్ళ కింద మా ఇంట్లో కోడి కాల్చుకున్నాం. పచ్చికోడి నానిన మసాలా గిన్నెలో మిగిలింది కదా, పారబోయడం ఎందుకని మా తమ్ముడు కాలిన ముక్కల మీద దాన్నే రాశాడు, ఉడికించకుండా. ఆ రాత్రి నలుగురికి వాంతులు, ఒకరికి సెలైన్. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది, కోడి గట్టు మీదే ఉంది. ఏది తప్పో ఇప్పటికీ మేం కొట్లాడుకుంటాం. రెండూ తప్పే అనుకోండి.

జయపురం బండి

రెండూనండి. కలిపిన కోడి బయట రెండు గంటలు దాటకూడదు, ఎండాకాలం అయితే గంటే. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు మించి ఉంచం. పైన రాసుకోడానికి మసాలా కావాలంటే పచ్చికోడి తగలక ముందే చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోవాలి. అల్యూమినియం గిన్నెలో పెరుగు, నిమ్మ కలిపి ఉంచకండి, స్టీలుదో గాజుదో వాడండి. కుళాయి కింద పెట్టి కడక్కండి, నీళ్ళు సిమ్మి పక్కనున్న కూరలకి అంటుకుంటాది.

కొత్త కోడలు 22

కడక్కుండా వండితే మా ఇంట్లో నన్ను కడిగేస్తారు.

జయపురం బండి

అయితే గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడుగు తల్లీ. తర్వాత గుడ్డతో తుడిచి ఆరబెట్టు. తడి ముక్కకి ఏ మసాలా అంటదు.

ధర్మాబాద్ మిర్చి

ఉడికిందో లేదో ఎట్ల సూస్తరు? ఎముక కాడ ఎర్రగ కనిపిస్తె మా పిల్లలు తింటలేరు.

గుణుపురం మాస్టారు

లేత బాయిలర్‌కి ఎముకలోని మూలుగ రంగు బయటికి దిగుతుంది, ఫ్రిజ్‌లో గడ్డకట్టినదయితే మరీను. ఎరుపుని బట్టి తేల్చలేం. మా అబ్బాయి పంపిన వంటింటి థర్మామీటరు తొడ లావుగా ఉన్న చోట ఎముకకి తగలకుండా గుచ్చుతాను, 74 డిగ్రీలు చూపిస్తే దించేస్తాను. అది లేనివాళ్ళు కీలు దగ్గర గుచ్చితే తేట రసం రావాలి. కాళ్ళకి ఎముక దాకా రెండేసి గాట్లు పెడితే ఉప్పూ దిగుతుంది, సెగా దిగుతుంది.

మహేంద్రతనయ

అందరిదీ చదివాక నాకొక సందేహం. రాత్రంతా నానబెట్టక్కర్లేకపోతే మరి పున్నమి రోజు మరిది ఇంట్లో దొంగతనంగా ఎందుకు కలిపినట్టు?

బరంపురం అప్పడం

అదే కదా అక్కా మేం అడుగుతున్నది!

మహేంద్రతనయ

ఇదిగో నా లెక్క, తప్పుంటే చెప్పండి. తెల్లారి ఆరింటికి కోడి. ఇంటికి రాగానే ఆరబెట్టి గాట్లు పెట్టి ఉప్పు, పసుపు. తొమ్మిది దాకా ఫ్రిజ్‌లో. తొమ్మిదికి వడగట్టిన పెరుగు, వేడి నూనెలో దింపిన మిర్చి ముద్ద, అల్లం వెల్లుల్లి, మళ్ళీ ఫ్రిజ్. పన్నెండున్నరకి పెనం. నిమ్మకాయ కంచంలోనే. బొప్పాయి చెట్టు వైపు చూడను. ఒక కిలో మాత్రం ఆవపెట్టి.

గుణుపురం మాస్టారు

వండే ముందు పావుగంట బయట పెట్టండి, మరీ చల్లటి ముక్క పెనం మీద వెయ్యొద్దు. మిగతాదంతా నూటికి నూరు.

*(పన్నెండు రోజుల తర్వాత)*

మహేంద్రతనయ

ఛాడఖాయి అయిపోయింది. కొట్టు దగ్గర లైను పెద్దది, కోడి ఇంటికి చేరేసరికి ఏడున్నర. అందుకని ఉప్పుకి గంటన్నరే దక్కింది. అయినా ముక్క ముక్కగానే ఉంది, లోపల రసం ఉంది. ధర్మాబాద్ అన్న చెప్పిన రంగు చూసి ఏం పొడి కలిపావని పక్కింటి ఒడియా ఆంటీ అడిగింది. ఆవపెట్టినది మా మావగారు ఒక్కరే ముప్పావు వంతు తినేశారు. ఫోటో తీద్దామనుకునేసరికి గిన్నె ఖాళీ.

అత్తయ్య ఏమందంటే: "మా రోజుల్లో పొద్దున్న తెచ్చి మధ్యాహ్నం వండేవాళ్ళం. దానికి ఫోన్లో ఇంతమందిని అడగాలా?"

సిరొంచ పటేల్

బొప్పాయి తోటి పుంజును కాల్చిన. మెత్తగైంది, మాస్టారు గెలిచిండు. అవ్వ మాత్రం తినలె.

కొత్త కోడలు 22

మార్గశిరం వచ్చేసింది, గురువారాలు మా ఇంట్లో నీచు కుదరదు. బుధవారం రాత్రి మిగిలిన కలిపిన కోడి శుక్రవారం దాకా ఆగుతుందా? ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

జయపురం బండి

ఫ్రీజర్‌లో ఆగుతాది తల్లీ. కానీ గురువారం మీ అత్తగారు ఫ్రిజ్ తలుపు తీయకుండా సూసుకో.