పుట్టగొడుగుల గదిలో కార్బన్ డయాక్సైడ్ మీటర్‌ను నమ్మొచ్చా?

అందరికీ నమస్కారం. మూసి ఉన్న గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. ఈసారి కాపు చూస్తే దిగులేస్తోంది. కాడలు వేలంత పొడవు సాగాయి, పైన గొడుగు మాత్రం చొక్కా గుండీ అంతే ఉంది. గాలి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే ఇలాగే అవుతుందని తెలుసు. కానీ గోడకున్న మీటర్ 700 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 700 భాగాలు) దాటడం లేదు! బయటి గాలిలోనే 420 దాకా ఉంటుంది కదా, ఆ లెక్కన 700 అంటే మంచి గాలే.

నా అనుమానం మీటర్ మీదే. ఇలాంటి చాలా సెన్సార్లు కొన్ని రోజుల్లో తమకు కనిపించిన అతి తక్కువ రీడింగ్‌నే బయటి గాలి అనుకుని, దాన్ని 400గా సర్దేసుకుంటాయి. ఆఫీసు గదిలో అయితే సరే, రాత్రికి ఖాళీ అవుతుంది. నా గది ఎప్పుడూ ఆ స్థాయికి దిగదు. అంటే ఇన్నాళ్లూ తక్కువే చూపిస్తోందా? పైగా నిన్న మీటర్ మూత తీస్తే లోపల నీటి బొట్లు.

పోనీ ఫ్యాన్ ఎక్కువసేపు వేద్దామంటే తేమ 90 శాతం నుంచి 70కి పడిపోయి, ఆవగింజంత మొగ్గలు మాడిపోతున్నాయి. అసలు టెన్షన్ అదే.

ఇలా తనంతట తానే సర్దుకునే ఆటోమేటిక్ కాలిబ్రేషన్ ఆపేసి, మీటర్‌ను ఆరుబయట పెట్టి సరిచేస్తే చాలా? ఎన్నాళ్లకోసారి చేయాలి? తేమ పట్టకుండా సెన్సార్‌ను ఎక్కడ బిగించారు? లోపలికి వచ్చే గాలిని ముందే తడిపి పంపేవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేస్తున్నారో దయచేసి వివరంగా చెప్పండి. రెండో విడత మొగ్గలు వచ్చేలోపే సరిచేయాలి.