ముట్టడి, దిగ్బంధం, చుట్టివేత: మూడు నగరాలు, మూడు మాటలు

మిత్రులకు నమస్కారం. 1941 నుంచి 1945 వరకు జర్మనీకీ సోవియట్ యూనియన్‌కూ మధ్య సాగిన యుద్ధంపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. లెనిన్‌గ్రాడ్, స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్ మూడింటికీ చిత్తుప్రతిలో "ముట్టడి" అనే రాశాను. తిరిగి చదువుకుంటే, మూడు వేర్వేరు సంగతులు ఒక్క మాట కింద కలిసిపోయాయని అనిపించింది. అందుకే చర్చకు పెడుతున్నాను.

ముట్టు అంటే తాకు, చేరు. "డబ్బు ముట్టింది" అంటాం. ముట్టడిలో కోటను చుట్టుకోవడమూ ఉంది, గోడల దాకా వెళ్లి తాకడమూ ఉంది. 1687లో ఔరంగజేబు సేన గోల్కొండ చుట్టూ సుమారు ఎనిమిది నెలలు విడిసి, ఫిరంగులతో కొట్టి, చివరకు లోపలివారి ద్రోహంతో తలుపు తెరిపించుకుంది. దాని లక్ష్యం కోటను పట్టుకోవడం. లెనిన్‌గ్రాడ్‌లో ఆ లక్ష్యమే లేదు. 1941 సెప్టెంబరు 8న ష్లిస్సెల్‌బర్గ్ పట్టణం జర్మన్లకు చిక్కడంతో ఆ నగరానికి భూమార్గం తెగిపోయింది. ఆ నెలలోనే హిట్లర్ ట్యాంకు దళాలను మాస్కో వైపు మళ్లించి, లెనిన్‌గ్రాడ్ లొంగిపోతామన్నా అంగీకరించరాదనీ, ఆకలితోనూ ఫిరంగులతోనూ దాన్ని అంతం చేయాలనీ నిశ్చయించాడు. నవంబరు 20 నుంచి దాదాపు ఐదు వారాల పాటు పిల్లలకూ, కార్మికులు కాని పెద్దలకూ అందిన రొట్టె రోజుకు 125 గ్రాములు. లడోగా సరస్సు గడ్డకట్టాక ఆ మంచు మీదుగా లారీలు తెచ్చిన సరుకే నగరానికి ఊపిరి అయింది. ఈ నిర్బంధం 1944 జనవరి 27 వరకు, 872 రోజులు సాగింది. యుద్ధం ముగిశాక నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో సోవియట్ పక్షం చెప్పిన మృతుల లెక్క సుమారు 6,32,000. తరువాతి చరిత్రకారులలో పలువురి అంచనాలు దానికంటే ఎక్కువే.

రష్యన్‌లో ముట్టడికి "ఒసాద" అనే మాట ఉంది. అయినా లెనిన్‌గ్రాడ్ విషయంలో రష్యన్లు వాడేది "బ్లొకాద". మనకు దిగ్బంధం ఉంది. దిక్కులను కట్టివేయడం అన్న అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. పైగా, కలెక్టరేట్ ముట్టడి, అసెంబ్లీ ముట్టడి అని నిత్యం చదివే పాఠకుడికి "ముట్టడి" అనగానే సాయంత్రానికి ముగిసే నిరసన మెదులుతుంది. 872 రోజుల ఆకలి మెదలదు.

నాకు చిక్కంతా స్టాలిన్‌గ్రాడ్ దగ్గరే వచ్చింది. శత్రుసేన చుట్టుముట్టిన ప్రాంతాన్ని జర్మన్ సైనికులు "కెసెల్" అన్నారు, రష్యన్లు "కత్యోల్" అన్నారు. రెండింటికీ కాగు అనే అర్థం. "స్టాలిన్‌గ్రాడ్ కాగు" అని రాస్తే మన పాఠకుడికి వేడినీళ్లు గుర్తుకొస్తాయి తప్ప సైన్యం గుర్తుకు రాదు. అక్కడ సోవియట్ సేనలు నగరంలోని జర్మన్లపై ఎదురుగా విరుచుకుపడలేదు. 1942 నవంబరు 19న ఉత్తరం నుంచి, మర్నాడు దక్షిణం నుంచి, రొమేనియన్ దళాలు కాపున్న బలహీనమైన పార్శ్వాలను ఛేదించి, 23న కలాచ్ సమీపంలో కలుసుకున్నాయి. కంసాలి పటకారు రెండు కొనలూ ఒకచోట కలిసినట్టు, రెండున్నర లక్షలకు పైగా సైనికులు మధ్యలో చిక్కారు. ఆ తరువాత వలయాలు రెండయ్యాయి: లోపలి వలయం చిక్కినవారిని బయటికి రానీయలేదు, వెలుపలి వలయం సాయాన్ని లోపలికి పోనీయలేదు. చిక్కినవారిని విడిపించడానికి డిసెంబరు 12న బయలుదేరిన జర్మన్ సేనాని మాన్‌స్టైన్ సేన మిష్కోవా నది దాకా వచ్చి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది.

ఇది చదువుతుంటే తెలుగువాడికి తట్టేది పద్మవ్యూహమే. అభిమన్యుడి వెనుక భీముడు రాకుండా నిలువరించిన సైంధవుడి పని వెలుపలి వలయం చేసింది. కనుక "స్టాలిన్‌గ్రాడ్ పద్మవ్యూహం" అని రాయాలనుకుంటున్నాను. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

*

అయ్యా, మీ విశ్లేషణ బాగుంది కాని ఆ ఒక్క మాటతో ఏకీభవించలేను. పద్మవ్యూహం అనగానే మన మనసు అభిమన్యుడి పక్షాన నిలుస్తుంది, ఎందుకంటే ఒంటరి బాలుణ్ణి మహారథులు అధర్మంగా చంపిన కథ అది. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కినది పరదేశం మీదికి దండెత్తి వచ్చిన సేన. మాట వ్యూహానికి సరిపోయినా, జాలి తప్పు చోటికి పోతుంది. అదీగాక, 1941 సెప్టెంబరులో జర్మన్ సేనానులు గుడేరియన్, క్లైస్ట్‌ల దళాలు లోఖ్విత్స వద్ద కలుసుకుని కీవ్ తూర్పున సోవియట్ సేనలను ఇలాగే బంధించాయి కదా. బందీల సంఖ్య 6,65,000 అని జర్మన్లు ప్రకటించారు. తప్పించుకునే ప్రయత్నంలో సోవియట్ సేనాని కిర్పొనోస్ మరణించాడు. మీరు దాన్ని ఏమంటారు? రెండు పక్షాలకూ చెల్లే మాట కావాలి.

*

అమ్మా, మీరు చెప్పినది సబబు. వ్యూహం మీదే దృష్టి పెట్టి, ఆ మాట వెంట వచ్చే కరుణను మరిచాను. కీవ్‌కూ స్టాలిన్‌గ్రాడ్‌కూ "చుట్టివేత" అని రాస్తాను. అందులో పొగడ్త లేదు, జాలి లేదు, జరిగిన పని మాత్రం ఉంది. పటకారు పోలికను మాత్రం ఉంచుకుంటాను. సైంధవుణ్ణి వదలడానికి మనసొప్పడం లేదు. అయినా అతణ్ణి తెస్తే అభిమన్యుడూ వెంట వస్తాడు కనుక తీసివేస్తున్నాను.

ఇక బెర్లిన్. 1945 ఏప్రిల్ 25న సోవియట్ సేనానులు జూకోవ్, కోనెవ్‌ల సేనలు నగరానికి పడమట కలుసుకున్నాయి. అయితే అక్కడితో ఆగి ఆకలికి వదిలివేయలేదు. వీధి వీధినా పోరాడుతూ నడిబొడ్డుకు చేరి, మే 2న నగర రక్షకదళాన్ని లొంగదీసుకున్నాయి. చుట్టుకోవడమూ, గోడను తాకడమూ రెండూ జరిగిన చోటు అది. "ముట్టడి" అన్న మాటను నా వ్యాసంలో బెర్లిన్‌కు మాత్రమే ఉంచుతున్నాను.